7 నుంచి 4 సందు చుక్క: బ్లాకులు పేర్చి ముగ్గు చుక్కల పళ్ళెం చేయడం

ముగ్గుల పుస్తకంలో బొమ్మ కింద ఒక్క ముక్క రాసి ఉంటుంది: 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క. నడిమి వరసలో 7, దానికి పైనా కిందా సందుల్లో 6, ఆపైన 5, చివర 4. పెట్టడం వచ్చినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఎన్ని వరసలు, ఒక్కో వరసలో ఎన్ని చుక్కలు, పక్క వరస ఎంత జరగాలి అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. ప్రోగ్రామ్ అంటే ఇదే మరి. దాన్ని బ్లాకుల్లో (తెరమీద ఒకదానికొకటి తగిలించే ఆజ్ఞల ముక్కల్లో) పేర్చి, 37 రంధ్రాలున్న పళ్ళెంగా 3డీ ప్రింటర్ మీద తీసే పద్ధతి ఇది. పళ్ళాన్ని నేలమీద పెట్టి ముగ్గుపిండి పోసి, అట్టముక్కతో ఒకసారి తోస్తే చుక్కలు వంకర లేకుండా పడతాయి. గీత మాత్రం చేత్తోనే వెయ్యాలి. గీతకి కూడా అచ్చు చేస్తే ఇక ముగ్గు వేయడం ఎందుకు, స్టిక్కరు అంటించుకోవచ్చు.

వాడే సాధనం బ్లాక్స్‌క్యాడ్. బ్రౌజర్లోనే నడుస్తుంది. బ్లాకులతో ప్రోగ్రాములు నేర్పే స్క్రాచ్ ముట్టుకున్న పిల్లలకి పది నిమిషాల్లో అలవాటవుతుంది. మనం పేర్చిన బ్లాకులను అది లోపల ఓపెన్‌స్క్యాడ్ అనే భాషలోకి మార్చి, ఆ కోడ్‌ని కూడా చూపిస్తుంది. టింకర్‌క్యాడ్‌లోని కోడ్‌బ్లాక్స్‌తోనూ ఇలాంటి పని అవుతుంది గానీ, ఈ కోడ్ చేతికి అందడం తర్వాత లేజర్ కటింగ్ దగ్గర పనికొస్తుంది కాబట్టి ఇక్కడ బ్లాక్స్‌క్యాడ్.

ముందు కొలతలు

చుక్కకీ చుక్కకీ ఎడం 25 మి.మీ., అంటే దాదాపు అంగుళం. వాకిట్లో వేసే ముగ్గుకి ఇది చిన్నదే. దేవుడి గదికీ, తులసికోట ముందుకీ సరిపోతుంది. ఇంకా పెంచకపోవడానికి కారణం ప్రింటరు. ఇళ్ళలో, బళ్ళలో ఎక్కువగా కనిపించే ప్రింటర్ల బెడ్ (వస్తువు అచ్చుపడే బల్ల) 220 × 220 మి.మీ. ఎడం 30 చేస్తే పళ్ళెం మూలలు బెడ్ చివరి దగ్గరికి వెళ్ళిపోయి, బ్రిమ్‌కి (వస్తువు బెడ్‌ని అంటిపెట్టుకునేలా చుట్టూ వేసే పల్చని అంచుకి) చోటు బొటాబొటి అవుతుంది.

పళ్ళెం ఆకారం ఆరు పలకలు. 7 నుంచి 4 సందు చుక్క పెడితే చుక్కల గుంపు తనంతట తనే ఆరు పలకలుగా వస్తుంది కాబట్టి గుండ్రటి పళ్ళెం కన్నా ఇదే నప్పుతుంది. మధ్య నుంచి మూలకి 90 మి.మీ., అడుగు మందం 3, చుట్టూ గోడ ఎత్తు అడుగుతో కలిపి 10. గోడ పిండి ఒలికిపోకుండా ఆపుతుంది, పళ్ళెం ఎత్తేటప్పుడు వేళ్ళకి పట్టు ఇస్తుంది. గోడ లేకపోతే అంచు కింద గోరు దూర్చి లేపాల్సి వస్తుంది. అప్పుడు పళ్ళెం కాస్త పక్కకి జరిగి, చుక్కలన్నీ తోకచుక్కలవుతాయి.

రంధ్రం గరాటులాగా ఉండాలి: కింద 5 మి.మీ. వ్యాసం, పైన 8. నిటారు రంధ్రంలో పిండి గోడలకి ఆనుకుని నిలబడిపోతుంది, గరాటులో జారుతుంది.

బ్లాకులు పేర్చడం

మొదట వేరియబుల్స్, అంటే అంకెలకి పెట్టుకునే పేర్లు. మూడు చాలు: పెద్ద = 7, చిన్న = 4, ఎడం = 25. పేర్లు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడండి. తెలుగు అక్షరాలు పెడితే లోపలి కోడ్‌లో అవి చదవలేని సంకేతాలుగా మారతాయి. విలువలు ఇచ్చే బ్లాకులను అన్నిటికంటే పైన పెట్టేసి, ఆ తర్వాత వాటిని ఎక్కడా మార్చకండి. స్క్రాచ్ అలవాటున్నవాళ్ళు లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే బ్లాక్) మధ్యలో "దీన్ని 1 పెంచు" అని చూస్తారు, ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. ఓపెన్‌స్క్యాడ్‌లో వేరియబుల్ అంటే ఒకసారి పెట్టుకున్న పేరు, అంతే. మారే విలువ కావాలంటే దాన్ని లూప్ లెక్కతోనే రాబట్టాలి.

లూప్స్ అరలోంచి "కౌంట్ విత్" బ్లాక్ రెండు తెచ్చి, ఒకదాన్ని రెండోదాని కడుపులో పెట్టండి. బయటిది వరసలు లెక్కపెడుతుంది, లోపలిది ఆ వరసలోని చుక్కలు. రెండిటికీ మొదట ఒకే పేరు, ఐ, ఉంటుంది. బయటిదాన్ని "వరస" అనీ, లోపలిదాన్ని "చుక్క" అనీ మార్చండి. ఇది మరిచిపోతే చుక్కలన్నీ ఏటవాలుగా ఒకే గీత మీదకి చేరిపోతాయి. ఆ గీత కనబడిందంటే ఇంకెక్కడా వెతక్కుండా పేర్లు చూసుకోండి.

బయటి లూప్ మొదలు: చిన్న − పెద్ద, అంటే −3. చివర: పెద్ద − చిన్న, అంటే 3. ఒక్కోసారి పెరిగేది 1. నడిమి వరస 0 అవుతుంది, పైన మూడు, కింద మూడు, మొత్తం ఏడు వరసలు.

లోపలి లూప్ మొదలు 0. చివర: పెద్ద − 1 − |వరస|. ఆ నిలువు గీతల మధ్యది మ్యాథ్ అరలోని "ఆబ్సల్యూట్" బ్లాక్, స్క్వేర్ రూట్ బ్లాక్‌కి ఉన్న బాణం నొక్కితే వస్తుంది. మైనస్ గుర్తును తీసేసి అంకెను మాత్రం ఉంచుతుంది. నడిమి వరసకి 6 వస్తుంది: 0 నుంచి 6 దాకా ఏడు చుక్కలు. వరస 3 కైనా −3 కైనా 3 వస్తుంది: నాలుగు చుక్కలు. ఆబ్సల్యూట్ పెట్టకపోతే ఒక చివర వరసలో 10 చుక్కలు, రెండో చివర 4 ఉండి, ఆకారం గుడి గోపురంలా తేలుతుంది.

ఇప్పుడు లోపలి లూప్ కడుపులో ఒక "ట్రాన్స్‌లేట్" బ్లాక్. వస్తువును అడ్డంగా (ఎక్స్), ముందుకీ వెనక్కీ (వై), ఎత్తులో (జెడ్) జరిపేది ఇదే. అసలు పనంతా ఇక్కడే.

ఎక్స్ = (చుక్క − (పెద్ద − 1 − |వరస|) ÷ 2) × ఎడం
వై = వరస × ఎడం × 0.866
జెడ్ = −1

ఎక్స్ లెక్కను లోపలినుంచి బయటికి పేర్చండి. ముందు పెద్ద − 1. దాన్ని ఇంకో తీసివేత బ్లాక్ ఎడమ గడిలో పెట్టి, కుడి గడిలో ఆబ్సల్యూట్. ఆ మొత్తాన్ని భాగాహారం బ్లాక్ ఎడమ గడిలో పెట్టి, కుడి గడిలో 2. దాన్ని తీసుకెళ్ళి మరో తీసివేత బ్లాక్ కుడి గడిలో పెట్టి, ఎడమ గడిలో చుక్క. చివరగా ఇదంతా గుణకారం ఎడమ గడిలోకి, కుడి గడిలోకి ఎడం. బ్లాకుల్లో బ్రాకెట్లు కనబడవు, ఏది దేని కడుపులో ఉందన్నదే బ్రాకెట్టు.

ఓ రెండు వరసలు కాగితం మీద వేసి చూడండి. వరస 0: 6ని సగం చేస్తే 3. చుక్క 0 నుంచి 6 దాకా వెళ్తే −3 నుంచి 3, ఎడంతో గుణిస్తే −75 నుంచి 75. వరస 1: 5లో సగం 2.5. −62.5 నుంచి 62.5. పక్క వరస సరిగ్గా 12.5, అంటే సగం ఎడం, లోపలికి జరిగింది. సందు చుక్క అంటే ఆ 12.5 మి.మీ.నే.

భాగాహారం బ్లాక్‌ను పొరపాటున తీసివేత మొత్తానికి చుట్టేస్తే చుక్కలు సగం ఎడంతో ఇరుకై, అన్ని వరసల కుడి చివర్లూ మధ్య గీత దగ్గర ఒకే నిలువులో ఆగిపోతాయి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

0.866 అన్నది 3 వర్గమూలంలో సగం. చుట్టూ ఉన్న ఆరు చుక్కలూ నడిమి చుక్కకి సమాన దూరంలో ఉండాలంటే వరసల మధ్య దూరం ఎడం కన్నా ఆ మేరకు తగ్గాలి. 25కి 21.65 మి.మీ. చేత్తో పెట్టేవాళ్ళు కంటితోనే ఇంత దగ్గర చేస్తారు. లెక్కలో 0.866 వదిలేస్తే పద్మం రేకులు నిలువుగా సాగిపోయి కనిపిస్తాయి.

ట్రాన్స్‌లేట్ లోపల ఒక సిలిండర్: రేడియస్1 = 2, రేడియస్2 = 4.5, హైట్ = 5. రెండు రేడియస్‌ల మధ్య తాళం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి తెరిస్తేనే వేర్వేరు అంకెలు నిలుస్తాయి. దీనికి "సైడ్స్" బ్లాక్ తొడిగి 24 ఇవ్వండి, గుండ్రం 24 పలకలతో వస్తుంది.

రంధ్రం కింద 5 మి.మీ. వ్యాసం అనుకున్నాం కదా, రేడియస్ 2 ఏమిటని సందేహం రావచ్చు. కోసే ముక్క పళ్ళెం అడుగుకన్నా 1 మి.మీ. కిందనుంచి మొదలై, 3 మి.మీ. మందాన్ని దాటి ఇంకో 1 మి.మీ. పైకి పోతుంది. 5 మి.మీ. ఎత్తులో రేడియస్ 2 నుంచి 4.5కి పెరుగుతుంది గనక, పళ్ళెం అడుగు దగ్గర సరిగ్గా 2.5, పై ముఖం దగ్గర 4. అంటే 5 మి.మీ., 8 మి.మీ. వ్యాసాలు. ఇలా రెండువైపులా పొడుచుకు రావడం తప్పనిసరి. కోసే ముక్క అడుగూ పళ్ళెం అడుగూ ఒకే మట్టంలో ఉంటే కంప్యూటరుకి రెండు ముఖాల్లో ఏది ఉంచాలో తేలదు. తెరమీద రంధ్రానికి పలచని పొర అడ్డంగా మెరుస్తుంది, ఒక్కోసారి అది ప్రింటులోకీ వస్తుంది.

ఇక్కడ ఆగి "రెండర్" నొక్కండి, బ్లాకుల ఆకారం తెరమీద కనిపిస్తుంది. గాల్లో 37 గరాటులు ఆరు పలకల తేనెపట్టులా నిలబడాలి. లెక్కపెట్టండి: 4, 5, 6, 7, 6, 5, 4. ఇవి కుదిరాకే పళ్ళెం సంగతి. గరాటులన్నీ కలిసి ఒకే ముద్దగా కనబడితే కౌంట్ బ్లాక్ మీద "హల్" గడిలో టిక్ పడి ఉంటుంది, తీసేయండి.

పళ్ళెం కోసం సెట్ ఆప్స్ అరలోంచి "డిఫరెన్స్" తెచ్చి, కింద మూడు గడులు వచ్చేలా ప్లస్ నొక్కండి. మొదటి గడిలో ఉన్నదాంట్లోంచి మిగతా గడుల్లోవి కోసేస్తుంది. గడుల క్రమం మారితే పళ్ళెం మాయమై ఏవో ముక్కలు మిగులుతాయి.

మొదటి గడి: సైడ్స్ 6 తొడిగిన సిలిండర్, రేడియస్ (పెద్ద − 1) ÷ 2 × ఎడం + 15, ఎత్తు 10. మన అంకెలతో రేడియస్ 90. రెండో గడి: అదే ఆకారం 3 తక్కువ రేడియస్‌తో, ఎత్తు 10, జెడ్‌లో 3 పైకి జరిపి. మూడో గడి: ఇందాకటి లూపు మొత్తం. సైడ్స్ 6ని ఈ రెండు సిలిండర్లకే విడివిడిగా తొడగండి.

రేడియస్ 3 తగ్గించినా గోడ మందం 3 రాదు, 2.6 వస్తుంది. ఆరు పలకల ఆకారానికి రేడియస్ మూలదాకా కొలుస్తారు, పలక దగ్గర దూరం దానికి 0.866 వంతే. 0.4 మి.మీ. నాజిల్‌కి (కరిగిన ప్లాస్టిక్ వచ్చే మూతికి) 2.6 గట్టి గోడే, దిద్దనక్కర్లేదు.

మళ్ళీ రెండర్ చేసి ఎస్‌టీఎల్ (ప్రింటింగ్‌కి వాడే ఆకారం ఫైలు) దించుకోండి. ప్రాజెక్టు ఫైలు కూడా వేరుగా దాచుకోవడం మరవొద్దు. ఎస్‌టీఎల్‌లో బ్లాకులు ఉండవు, రేపు ఎడం మార్చాలంటే ఆ ఫైలే దిక్కు.

పళ్ళేనికి ముందు ఒక బిళ్ళ

పిండికీ పిండికీ తేడా ఉంటుంది. అసలు పళ్ళేనికి దాదాపు 55–60 గ్రాముల ఫిలమెంట్ (ప్రింటరుకి ఎక్కించే ప్లాస్టిక్ తీగ) పోతుంది. ముందు 80 × 30 × 3 మి.మీ. బిళ్ళ ఒకటి తీసి పిండి జారుతుందో లేదో చూడండి. పది గ్రాముల లోపే. ఒక క్యూబ్‌లోంచి మూడు గరాటులు కోయాలి: ఐ 1 నుంచి 3 వరకు, ఎక్స్ = ఐ × 20, వై = 15, జెడ్ = −1, ఎత్తు 5, రేడియస్1 = 1 + ఐ × 0.5, రేడియస్2 = రేడియస్1 + 2.5. కింది వ్యాసాలు 4, 5, 6 మి.మీ. వస్తాయి. బియ్యప్పిండి మెత్తన, తేమ పీలుస్తుంది. 4లో ఇరుక్కుంటే 5 లేదా 6 వాడండి. బజారులో దొరికే రాతి ముగ్గు కాస్త గరుకు, బరువు. చిన్న రంధ్రంలోంచీ దిగుతుంది. ఏ పిండైనా ఒకసారి జల్లెడ పట్టాలి.

ప్రింటు

స్లైసర్‌లో (ఆకారాన్ని పొరలుగా కోసి ప్రింటరుకి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో) తెరవగానే కొలతలు చూడండి: 180 × 155.9 × 10 రావాలి. అడ్డం, పొడవు రెండూ 180 దగ్గర ఉంటే సైడ్స్ 6 తగల్లేదు, పళ్ళెం గుండ్రంగా ఉందని అర్థం. ఎస్‌టీఎల్‌లో మిల్లీమీటరా అంగుళమా అన్నది రాసి ఉండదు. కొలత 25.4 రెట్లు తేడాగా కనిపిస్తే స్లైసర్ అంగుళాలుగా చదివినట్టు.

పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఫిలమెంట్, పొర 0.2 మి.మీ., అంచుల చుట్టు గీతలు (వాల్స్) 2, ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) 20 శాతం, నాజిల్ 200–210 డిగ్రీలు, బెడ్ 60. అడుగు కిందికే ఉంచి పెట్టండి, సపోర్ట్ అక్కర్లేదు. గరాటు పైకి విచ్చుకుంటుంది కాబట్టి గాల్లో వేలాడే భాగమే లేదు. తిరగేసి పెట్టారో, పని పాడైనట్టే.

వెడల్పైన పల్చని వస్తువు కదా, మూలలు పైకి లేవడం దీనికి ప్రధాన జబ్బు. 5 మి.మీ. బ్రిమ్ ఇవ్వండి, బెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ముఖ్యంగా సీలింగ్ ఫ్యాన్ ఆపండి. మన ఇళ్ళలో మూలలు లేచిన ప్రింట్లు చాలావాటికి నేరస్థుడు నెత్తిమీదే తిరుగుతుంటాడు. మొదటి పొరలో 37 చిన్న వలయాలు పడతాయి. అవి పూర్తయ్యేదాకా దగ్గరే ఉండండి. ఒక్క వలయం ఊడి నాజిల్‌కి చుట్టుకుంటే మిగతావాటినీ ఈడ్చుకుపోతుంది.

మొదటి పొర బెడ్‌కి నొక్కుకుని కాస్త వెడల్పవుతుంది, అందుకని రంధ్రం కింద మూతి 5 కన్నా కొద్దిగా సన్నబడుతుంది. చిన్న కత్తి మొనతో మూతి చుట్టూ ఒకసారి తిప్పితే చాలు. ఆ పెదవి మిగిలిపోతే సరిగ్గా అక్కడే పిండి పేరుకుంటుంది.

ప్రింటర్ లేకపోతే

పిల్లల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్రం సాయంతో బళ్ళలో పెట్టిన ప్రయోగశాల) ఉంటే అక్కడ అడగండి. హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రంలో 3డీ ప్రింటింగ్, లేజర్ కటింగ్ రెండూ ఉన్నాయి. చాలా ఊళ్ళలో నేమ్‌ప్లేట్లు చేసే షాపుల్లోనూ లేజర్ మిషన్ ఉంటుంది. వాళ్ళకి ఎస్‌టీఎల్ ఇస్తే పనికిరాదు, గీతల ఫైలు, అంటే డీఎక్స్ఎఫ్ గానీ ఎస్‌వీజీ గానీ కావాలి. సిలిండర్ల బదులు 2డీ అరలోని సర్కిల్ బ్లాకులు పెట్టి (పళ్ళేనికి సైడ్స్ 6 తొడిగి రేడియస్ 90, రంధ్రానికి రేడియస్ 3), లోపలి గోడ గడి తీసేసి, బ్లాక్స్‌క్యాడ్ చూపించే కోడ్‌ని ఓపెన్‌స్క్యాడ్‌లో అతికించండి. అక్కడ ఎఫ్6 నొక్కి రెండర్ అయ్యాక డీఎక్స్ఎఫ్‌గా ఎగుమతి చేయవచ్చు. లేజర్ గరాటు కోయలేదు, నిటారుగానే కోస్తుంది. అందుకే రంధ్రం 6 మి.మీ. చేశాం. రేకు 3 కాకుండా 2 మి.మీ. అక్రిలిక్ అయితే పిండి ఇంకా బాగా దిగుతుంది. బెడ్ పెద్దది గనక ఎడం 50 పెట్టి వాకిలి ముగ్గుకే చేసుకోవచ్చు, అప్పుడు సర్కిల్ రేడియస్ 165 అవుతుంది. పీవీసీ షీటు మాత్రం వద్దు. లేజర్ తగిలితే క్లోరిన్ కలిసిన ఘాటు వాయువులు వచ్చి మనిషికీ మిషన్‌కీ చేటు.

వాడేటప్పుడు

కళ్ళాపి చల్లిన వెంటనే పెట్టకండి. తడి నేలమీద పళ్ళెం అడుగు తడిసి, పిండి మూతుల దగ్గర ముద్దకడుతుంది, రెండోసారికి సగం రంధ్రాలు పూడిపోతాయి. నీరంతా ఇంకి నేల చెమ్మగా మాత్రమే ఉన్నప్పుడు సరి. గచ్చు, టైల్స్ మీద బాగా వస్తుంది. పేడతో అలికిన ఎగుడుదిగుడు నేలమీద పళ్ళెం కింద సందులుండి చుక్క పరుచుకుంటుంది.

రెండు చెంచాల పిండి ఒక మూల పోసి, పాత విజిటింగ్ కార్డుతో ఆ చివరిదాకా తోయండి. గోడ మీద వేలితో రెండుసార్లు తట్టి, రెండు చేతులతో నిటారుగా ఎత్తండి. ప్లాస్టిక్‌ని పొడి గుడ్డతో రుద్దితే నిలువ విద్యుత్తు చేరి పిండిని పట్టుకుంటుంది, అందుకని కడిగి నీడలో ఆరబెట్టడం మేలు. నీడలో అన్నది ఊరికే కాదు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పళ్ళెం గిన్నె అవుతుంది.

అంకెలు మార్చేటప్పుడు

5 నుంచి 3 అంటే 19 చుక్కలు. ఎడం 35 పెట్టినా రేడియస్ 85, హాయిగా పడుతుంది. 15 నుంచి 8 అంటే 169 చుక్కలు. 220 బెడ్‌లో పట్టించాలంటే ఎడం 12 దాకా తగ్గాలి, గరాటుల పైమూతుల మధ్య 4 మి.మీ. మిగులుతుంది. ప్రింటవుతుంది గానీ వేలితో గీత తిప్పడానికి చోటుండదు. అలాంటి పెద్ద ముగ్గుకి చిన్న పళ్ళాన్నే జరుపుతూ వేయండి: చివరి వరస రంధ్రాలను అంతకుముందు పడ్డ చుక్కల మీదకి తెచ్చి, ఆ వరసలో పిండి పోయకుండా మిగతావి నింపాలి.

ఆరు పలకల పళ్ళెం, పెద్ద సంఖ్య చిన్నదానికి రెట్టింపు కన్నా ఒకటి తక్కువైనప్పుడే సరిపోతుంది: 5–3, 7–4, 9–5, 15–8. "7 చుక్కలు, 1 వచ్చేవరకు" అంటే 49 చుక్కల డైమండ్ ఆకారం. నిలువునా చివరి చుక్కల మధ్యే 260 మి.మీ. ఉంటుంది. లూపులు మార్చక్కర్లేదు, చిన్న = 1 పెడితే చుక్కలు సరిగానే వస్తాయి. పళ్ళెమే చాలదు, ఎడం తగ్గించి ఆకారం వేరే గీయాలి. సరి చుక్కలకి (సందుల్లో కాకుండా ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టేవాటికి) ఇంకా తేలిక: |వరస| ఉన్న చోటల్లా తీసేసి, 0.866 తీసేసి, ఆరు పలకల సిలిండర్ల బదులు సెంటర్ చేసిన క్యూబ్‌లు పెట్టండి. సెంటర్ చేసిన క్యూబ్ జెడ్‌లో కూడా సగం కిందికి దిగుతుంది. ఎత్తు 10 అయితే 5 పైకి జరపడం మరిచిపోతే గరాటులు అడుగుదాకా తెగవు.